ఏనుగు పేరు శంకరవ్వ

సుల్తానాబాదులో గడప లేని ఇల్లు ఒక్కటే ఉండేది. అది కైలాసం ఇల్లు. గడప బొత్తిగా లేదని కాదు. ఉంది, కాని ఉండవలసిన చోట లేదు. దాన్ని ఊడదీసి వాకిట్లో గోడకు ఆనించి నిలబెట్టారు. శుక్రవారం వస్తే కైలాసం భార్య నర్మద అక్కడే దానికి నిలువునా పసుపు రాసి బొట్లు పెట్టేది. పక్కింటి పోశవ్వ రోజూ వచ్చి గడపను ఒకసారి, వాకిలిని ఒకసారి చూసి దీర్ఘం తీసేది.

"గిట్లయితే లక్ష్మి ఏడికెళ్లి రావాలె పిల్లా? దర్వాజకెళ్లా, గోడకెళ్లా?"

"ఏడికెళ్లి అల్కగుంటే ఆడికెళ్లి వస్తది. ఆమెకేమన్న చక్రాలున్నయా?" అనేది నర్మద.

చక్రాలున్నది కైలాసం తల్లి శంకరవ్వకు. నలభై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేసిన మనిషి. కైలాసం తండ్రి రాజం పోయిన తర్వాత కొడుకును బి.ఏ. దాకా చదివించింది ఆ కాళ్లే. ఒకనాడు పొద్దున గుంతలోకి దిగిన కాళ్లు మళ్లీ పైకి రామన్నాయి. అప్పటినుంచి కదలలేదు. ఏ దవాఖానకు తిప్పినా కాళ్లకు ఏమీ కాలేదన్నారు. కాళ్లు మాత్రం ఆ మాట వినలేదు.

మిషన్ దవాఖానలో కాంపౌండరుగా చేసే సామ్యూల్ ఆమె అవస్థ చూసి, సామాను గదిలో పడి ఉన్న చక్రాల కుర్చీ ఒకటి బండిమీద వేసుకొచ్చాడు. ఎప్పుడో ఒక దొర కోసం విలాయతు నుంచి తెప్పించిన కుర్చీ అట. ఆ దొర ఎంత లావుగా ఉండేవాడో గాని, శంకరవ్వ అందులో కూర్చుంటే ఇరుపక్కలా చెరొక కుండ పట్టేంత జాగా మిగిలేది. ఒకపక్క నూలు చుట్టిన కండెల బుట్ట, ఇంకోపక్క పొగాకు డబ్బీ, తమలపాకుల సంచీ పెట్టుకుని ఆమె అందులోనే సంసారం మొదలుపెట్టింది. కుర్చీ లోపలికి రావడానికే గడప పీకవలసి వచ్చింది.

"కైలాసం సారూ, ఒక్క మాట," అన్నాడు సామ్యూల్ పోయేముందు. "మృగశిర దాక ఉంచుకోండ్రి. ఆ తర్వాత వేరే దవాఖానకు పంపాలె. అక్కడొకాయన దీని కోసమే మంచంల ఎదురుసూస్తుండు."

కైలాసం సరేనన్నాడు. మాట ఇచ్చాడంటే నిలబెట్టే మనిషి. పద్మశాలీల వాడలో మొదటి బి.ఏ. అతనే. హైస్కూల్లో భూగోళం చెప్పేవాడు. సముద్రాల పేర్లు, లోతులు, ఆటుపోట్ల కారణాలు గడగడా చెప్పేవాడు గాని ఒక్క సముద్రాన్నీ చూసినవాడు కాదు. ఉద్యోగం పర్మనెంటు అయిన రోజున తల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నీకేం కావాలె చెప్పు. చీరా, కడియాలా?"

శంకరవ్వ తమలపాకు నమిలి నమిలి అంది: "సముద్రం సూస్త."

"సముద్రమా?"

"ఉత్తగ సూసుడు కాదు. కాళ్లు పెట్టి సూస్త. నలభై ఏండ్లు గుంతల పెట్టిన, దాని అడుగు దొరికింది. అడుగు దొరకని గుంత ఒకటుందని నువ్వే పోరగాండ్లకు చెప్తవు గద? అండ్ల పెడత."

"ఎంత పని! నేను ఎత్తుకొని పోత."

"ఎత్తుడు ఒద్దు," అంది శంకరవ్వ. "నన్ను మోసేది ఒక్కసారే. ఆనాడు నలుగురు మోస్తరు. అందాక ఎవ్వలు మొయ్యొద్దు. కుర్చీల పోత, కుర్చీల వస్త. కుర్చీకెళ్లి మంచం మీదికి నేనే చేతుల మీద జారుత."

అదీ సంగతి. మృగశిర లోపల, కుర్చీ పోకముందే, కుర్చీ పట్టే బస ఒకటి సముద్రం ఒడ్డున దొరకాలి.

కైలాసం ఏ పనైనా పద్ధతిగా చేస్తాడు. భూగోళ పటం ముందేసుకుని ఒడ్డున ఉన్న ఊళ్లన్నీ పై నుంచి కిందికి రాసుకున్నాడు. ఊరికో సత్రం, లేకుంటే లాడ్జి. ఒక్కొక్కదానికి ఉత్తరం. 'మేనేజరు గారికి నమస్కారములు. నడవలేని మా తల్లిగారు చక్రముల కుర్చీలో సముద్ర దర్శనమునకు రాదలచినారు. తమ వద్ద మెట్లు ఎన్ని? గడప ఎత్తు ఎంత? తలుపు వెడల్పు...'

వెడల్పు దగ్గర కలం ఆగింది. అవి మెట్రిక్ కొలతలు కొత్తగా వచ్చిన రోజులు. అంగుళాల్లో రాస్తే సెంటీమీటర్లనుకునేవాళ్లు, సెంటీమీటర్లలో రాస్తే తమను తిట్టారనుకునేవాళ్లు ఇద్దరూ ఉన్నారు.

"గీ కొలతలతోని పెద్ద పరేషాన్ అవ్వా. మనం ఒకటి రాస్తే వాళ్లొకటి అనుకుంటరు."

"బి.ఏ. సదివి గిదానికి తల పట్టుకున్నవా? నూలు పంపు," అంది శంకరవ్వ.

సాలోళ్ల ఇండ్లలో దేన్నైనా నూలుతోనే కొలుస్తారు. తొట్లె కట్టినా, కిటికీకి తెర కుట్టినా, పెళ్లిపిల్లకు రవికె గుడ్డ తెచ్చినా అంత నూలు తెంపి జేబులో వేసుకుపోవడమే. శంకరవ్వ నాలుగు పోగులు కలిపి పేనింది, గంజి పట్టించి ఎండలో ఆరబెట్టింది, కుర్చీ వెడల్పుకు కచ్చితంగా కత్తిరించి కొనలు ముడేసింది. ఉత్తరానికొక నూలు ముక్క.

"నూలుకు అంగుళాలు తెల్వయి, సెంటీమీటర్లు తెల్వయి. ఎంతుంటే అంతనే ఉంటది," అంది. కైలాసానికి ఆ మాట చాలా శాస్త్రీయంగా తోచింది.

జవాబులు రావడం మొదలైంది. మొదటిది ఇలా ఉంది: 'బండ్లకు మా సత్రమున వేరుగా షెడ్డు కలదు. ఎద్దులు ఎన్నో తెలుపగలరు. ఎద్దులు లేనిచో తమ బండి ఎట్లు నడచునో తెలుపగలరు.'

రెండోది ఒక లాడ్జి నుంచి: 'మెట్లు పదకొండే. అతి సులువు. ఎనుబది ఏండ్ల వృద్ధులు సైతము పరుగున ఎక్కుదురు. తమ తల్లిగారు మా మెట్లు చూచినచో తప్పక నడువగలరు.'

మూడోదానిలో కుంకుమ పొట్లం ఉంది: 'తాము పంపిన మొక్కుబడి దారము అమ్మవారి హస్తమునకు కట్టించితిమి. కొంచెము పొడుగైనందున మూడు చుట్లు చుట్టితిమి.'

"మంచిగనే ఉంది. సముద్రానికి నాకన్న ముందు నా నూలు పోయింది," అంది శంకరవ్వ, కుంకుమ పొట్లం నర్మద చేతిలో పెడుతూ.

నాలుగోది ఒక సర్కారు బంగళా నుంచి. నడవలేనివారి కొరకు కింది అంతస్తులో ఒక గది ఉన్నదట. దాని కోసం నడవలేని వ్యక్తి స్వయముగా పై అంతస్తులోని కార్యాలయమునకు వచ్చి దరఖాస్తు సమర్పించవలెనట.

కైలాసం దీన్ని మూడుసార్లు చదివాడు. ఎక్కడో ఒకచోట అర్థం ఉంటుందని అతని నమ్మకం. సర్కారు కాగితంలో అర్థం లేదనుకోవడం అతనికి చేతకాదు.

చివరికి రోహిణి ఎండలు మండుతుండగా, బందరు అవతల పాతమొగ అనే పల్లెలోని జమీందారు సత్రం నుంచి జవాబు వచ్చింది. రాసినవాడు గుమాస్తా గవర్రాజు. 'మెట్లు లేవు. గడప లేదు. తాము పంపిన నూలు మా ఆఫీసు గోడకు తగిలించి ఉంచి, నెల రోజులు తీరిక దొరకక, నేడు మూడవ నంబరు గది తలుపునకు పట్టి చూచితిని. పట్టినది. పైగా ఒక వేలు జాగా మిగిలినది. దయచేయగలరు.'

"ఒక వేలు!" కైలాసం కార్డు పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. "ఒక వేలు మిగిలిందట అవ్వా!"

"ఏ వేలు?" అంది నర్మద. "చిటికెన వేలా, బొటన వేలా?"

మృగశిరకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. బయలుదేరారు.

ఎడ్లబండి కాడిని పైకి లేపి, వెనుక భాగం నేలకు వాల్చి, కుర్చీని పైకి దొర్లించారు. పెద్దపల్లి స్టేషన్లో పలకలు వేయించి, సామాన్లెక్కించే బ్రేకు వ్యానులోకి దొర్లించారు. శంకరవ్వ బెజవాడ దాకా మిరపకాయల బస్తాల మధ్య, తుమ్ముకుంటూ, దొరసానిలా ప్రయాణం చేసింది. దారిలో ఒక గార్డు వచ్చి, "ఈమె ప్యాసింజరా, సామానా?" అని అడిగాడు. "టికెట్టు అడిగితె ప్యాసింజర్ను. ముట్టుకుంటె సామాను పడ్డట్టు మీద పడత," అంది శంకరవ్వ. గార్డు మళ్లీ రాలేదు.

బందరులో దిగి మళ్లీ ఎడ్లబండి ఎక్కి, మూడో రోజున పాతమొగ చేరేసరికి పొద్దెక్కింది. సత్రం నిజంగానే మెట్లు లేని సత్రం. ధోవతి మీద కోటు వేసుకున్న గవర్రాజు ఎదురొచ్చాడు.

"రండి రండి, మాస్టారూ! నూలు వారు తమరేనాండీ? ఇదుగోండి మూడో నంబరు."

కైలాసం కుర్చీని గుమ్మంలోకి తోశాడు. ముందు చక్రాలు పోయాయి. శంకరవ్వ మోకాళ్లు పోయాయి. ఆ తర్వాత కిర్రుమని ఒక శబ్దం వచ్చి, కుర్చీ ఆగిపోయింది.

"జర గట్టిగ నూకు," అంది శంకరవ్వ.

గట్టిగా తోశాడు. ఇప్పుడు అది ముందుకూ పోదు, వెనక్కీ రాదు. శంకరవ్వ సగం గదిలో, సగం వరండాలో బిగుసుకుపోయింది. కుర్చీ మీదుగా వంగి లోపలికి పడిన కైలాసం గదిలో చిక్కాడు. నర్మద, గవర్రాజు బయట ఉండిపోయారు.

"పట్టిందండీ! నా చేత్తో పట్టి చూశానండీ! ఒక వేలు మిగిలిందండీ!" గవర్రాజు తన వేలు ఎత్తి చూపించాడు, సాక్ష్యానికి వేలునే తెచ్చినట్టు.

"ఆ నూలు తే," అంది శంకరవ్వ.

ఆఫీసు గోడ మేకుకున్న నూలు తెచ్చాడు. ఆమె దాన్ని రెండు వేళ్ల మధ్య నలిపింది, కొన నాలుకకు తాకించింది, కుర్చీ చేతుల మీద పట్టి చూసింది. నూలు కుర్చీకి వేలున్నర తక్కువైంది.

"ఉప్పు గాలి తాగింది," అంది మెల్లగా. "తేమ తాగితే పేనిన నూలు కురచైతది. నలభై వానకాలాలు సూసిన. మన ఊరి ఎండల కూసోని సముద్రపొడ్డున తేమ ఉంటదని మతికి రాలే." నూలును వేలికి చుట్టుకుంది. "ఎంతుంటే అంతనే ఉంటదన్న. నా నోరు పడ!"

కైలాసానికి తల్లి పొరపాటు ఒప్పుకోవడం వినడం అదే మొదటిసారి. తలుపు కన్న అదే ఎక్కువ ఇరుకుగా తోచింది.

అరగంట ఆముదం పోస్తే కుర్చీ బయటపడింది. ఇసుక వైపు తీసుకుపోయి చూశారు. పది గజాలు పోకముందే చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. సముద్రం ఇంకా బాణం వేటు దూరాన తెల్లగా కదులుతోంది. శంకరవ్వ దాని వైపు చూడకుండా పొగాకు డబ్బీ తెరిచింది.

"సూసినం గద. ఇగ పోదాం."

"చూసుడు కాదంటివి గద అవ్వా, కాళ్లు పెడతనంటివి."

"అంటి."

గవర్రాజుకు మనసొప్పలేదు. కోటు అంచు నలుపుతూ నిలబడి, చివరికి గొంతు తగ్గించి, "ఇంకొక గది ఉందండి. కాని అది... మనుషులది కాదండి," అన్నాడు.

సత్రం వెనక్కి నడిపించాడు. అక్కడ ఒక కట్టడం. తలుపు అంటే తలుపా అది! రెండు మిద్దెల ఎత్తు. నేల వాలుగా, నున్నగా ఉంది. కైలాసం కొత్త నూలొకటి కుర్చీకి పట్టి కొలిచి తలుపుకు పట్టి చూశాడు. నాలుగుసార్లు పట్టి ఇంకా మిగిలింది. ఆ తలుపు ముందునుంచి రాళ్లు పరిచిన వాలు బాట ఒకటి, ఇసుకను చీల్చుకుంటూ, తిన్నగా సముద్రపు నీళ్లలోకి దిగిపోయింది.

"గజశాలండి. జమీందారుగారి ఏనుగుది. రోజూ ఈ బాటన సముద్ర స్నానానికి వెళ్లేదండి. అది పోయి పద్నాలుగేళ్లు."

"మరి తాళం తీయండి!"

"దానపత్రంలో ఉందండి. 'సత్రమున నరులు, గజశాలయందు గజము.' గజం తప్ప ఎవ్వరూ ఉండరాదు, బాట మీద నడవరాదు. మా ట్రస్టీగారు కాశీ నుంచి రాగానే ముందుగా చూసేది ఆ రిజిస్టరేనండి." గవర్రాజు దగ్గరకు జరిగాడు. "ఏనుగు వచ్చినట్టు రాస్తే మాత్రం తాళం తీయవచ్చండి."

"ఏ ఏనుగు?"

గవర్రాజు మర్యాదగా శంకరవ్వ వైపు చూశాడు.

నర్మద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కైలాసం ముఖం ఎర్రబడింది. పొడుగాటి రిజిస్టరు వచ్చింది. దుమ్ము దులిపి, పద్నాలుగేళ్ల ఖాళీ తర్వాత మొదటి గీత మీద గవర్రాజు కలం పెట్టాడు.

"గజం పేరండీ?"

"రాయి, శంకరవ్వ," అంది శంకరవ్వ.

"వయస్సు?"

"అరవై దాటింది."

"దంతములు?"

"పైన రెండు, కింద మూడు."

"అలా కుదరదండి. ఉన్నవా, లేవా అనే ఉంది."

"ఉన్నయని రాయి. తక్కువేం చేస్తవు?"

"మదము కలదా?"

"కలదు!" అంది నర్మద, అంతవరకు ఆపుకున్న నవ్వుతో సహా.

"ఇంటికి పోయినంక చెప్త నీ పని," అంది అత్త.

"ఇక మావటి సంతకం," అంటూ గవర్రాజు రిజిస్టరును కైలాసం వైపు తిప్పాడు.

కైలాసం కలం తీసుకోలేదు. తండ్రి రాజం బతికినన్నాళ్లూ చదవరాని కాగితాల మీద వేలిముద్రలు వేసిన మనిషి. ఏ కాగితం ఏమి చెబుతోందో తెలియక ప్రతిసారీ చెమటలు పట్టేవి. బడిలో వేసిన రోజున కొడుకుతో ఒక్కటే మాట అన్నాడు: 'నువ్వు సదివి పెట్టు బిడ్డా. అబద్ధం రాసి ఉంటే పెట్టకు.' కైలాసం ఇంతవరకు పెట్టలేదు. స్కూల్లో హాజరు పట్టీలో కూడా, రాని పిల్లవాణ్ణి వచ్చినట్టు ఒక్కనాడు వేయలేదు.

"నాతోని కాదు," అన్నాడు. "అవ్వను ఏనుగని రాసి సంతకం పెట్టాల్నా?"

"పెడితే ఏమైతది?" అంది నర్మద. "ఇన్నాళ్లు సర్కారు కాగితాలన్నిట్ల అర్థం వెతికినవు. గిండ్ల ఎందుకు వెతకవు?"

వాలు బాట చివర అలలు రాళ్ల మీదికెక్కి దిగుతున్నాయి. మృగశిరకు తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఈ కుర్చీ లేదు.

శంకరవ్వ చేయి చాచింది. "ఇటియ్యి. గజం కాడ నా వేలు నేనే ఏస్త. అది నా అబద్ధం. నీ సంతకం ఏడ ఉన్నదో అది ఒక్కటి సదువు, సదివి పెట్టు." సిరాలో బొటనవేలు ముంచి, పేరు పక్కన అదిమింది. గుండ్రంగా, గీతలు గీతలుగా పడిన ఆ ముద్రను చూసి గవర్రాజు, "పాత ఏనుగు పాదం ముద్ర కన్నా చక్కగా వచ్చిందండి," అన్నాడు మెచ్చుకోలుగా.

కైలాసం తన గడి చదివాడు. 'గజమునకు నీరు పెట్టి, మేత పెట్టి, వెంట ఉండి తిప్పు మావటి.' మళ్లీ చదివాడు. పొద్దున మొఖం కడిగించడం, నీళ్లివ్వడం, బువ్వ పెట్టడం, మూడు జిల్లాలు దాటించి తోసుకురావడం. ఈ గడిలో అబద్ధమున్న మాట ఏదీ దొరకలేదు. కలం అందుకుని గుండ్రని అక్షరాలతో రాశాడు: కైలాసం, బి.ఏ., మావటి.

తాళం తీయడంతోనే సరిపోలేదు. దానపత్రం ప్రకారం గజము స్నానానికి వెళ్లేటప్పుడు ముందు డప్పు మోగాలి, వెంట నలుగురు తలపాగాల మనుషులు నడవాలి. గవర్రాజు పిలిచిందే తడవు, పద్నాలుగేళ్లుగా పని లేక ఎదురుచూస్తున్నట్టు నలుగురు తలపాగాలు చుట్టుకుంటూ వచ్చారు. దానపత్రంలో ఉందని ఒకడు అరటి గెల భుజాన వేసుకున్నాడు. డప్పు మోగింది. పాతమొగ జనమంతా బాట వెంట చేరారు. ఏనుగు వస్తోందన్నారు గనుక అందరూ పైకి చూస్తూ నిలబడ్డారు. కిందుగా, కుర్చీలో, కండెల బుట్టతో శంకరవ్వ పోతుంటే కొందరు దండం కూడా పెట్టారు.

ఆ నలుగురిని చూసి శంకరవ్వ ఒక్క క్షణం ఉలిక్కిపడింది. "కైలాసం, వీళ్లు మోస్తరా ఏంది?"

"లేదవ్వా. వెంట నడుస్తరు. అంతే."

"నడవనీయి మరి."

ఇరుసు కిర్రుమంటూ కుర్చీ వాలులో దిగింది. కైలాసం కాళ్లు తన్నిపెట్టి వెనక్కి పట్టుకున్నాడు. మొదటి అల వచ్చి చక్రాలను తడిపింది. రెండోది శంకరవ్వ పాదాల మీదుగా పోయింది. ఆమె చీర కుచ్చెళ్లు పైకి లాగి, కాళ్లను చేతులతో ఒక్కొక్కటే ఎత్తి నీళ్లలో పెట్టింది. రాళ్ల మీదికి కొట్టుకొచ్చిన ఇసుక పాదాల కింద జారిపోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది.

"అడుగు దొరికిందా అత్తా?" అంది నర్మద.

"దొరుకుతలే," అంది శంకరవ్వ, చాలా తృప్తిగా. దోసెడు నీళ్లు తీసి రుచి చూసి ఉమ్మింది. "థూ! గిన్ని నీళ్లుండి ఏం లాభం? గంజి కాచడానికి గూడ పనికి రావు."

గవర్రాజు ధోవతి ఎగ్గట్టి, రిజిస్టరు తడవకుండా నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగి వచ్చాడు. "ఒక్క గడి మిగిలిపోయిందండి మాస్టారూ. 'స్నానానంతరము గజము స్థితి.'"

కైలాసం ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, ఇంకో చేత్తో, ఈసారి ఎవరినీ అడగకుండా రాశాడు: సంతోషముగా ఉన్నది.

"అయిందా రాసుడు?" అంది శంకరవ్వ వెనక్కి తిరగకుండానే. "అయితే జర ముందుకు నూకు. మోకాళ్లు ఇంక తడువలే."